బ్యాక్‌స్వింగ్ ఎంత మార్చినా బంతి కుడికే పోతోంది

కొండాపూర్_కిరణ్
ఏడాదిన్నరగా గోల్ఫ్ ఆడుతున్నాను. వయసు 41, కుడిచేతి వాటం. వారానికి రెండు సాయంత్రాలు రేంజ్ (బంతులు కొట్టి సాధన చేసే చోటు), నెలకు ఒకటి రెండు రౌండ్లు. సెవెన్ ఐరన్ (మధ్య దూరానికి వాడే క్లబ్) పట్టినా డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే పెద్ద క్లబ్) పట్టినా బంతి చివరికి కుడివైపే పోతుంది. ఐరన్‌తో పది గజాలైతే డ్రైవర్‌తో పక్క హోల్ గడ్డి దారిలోకి, అంటే పక్క ఫెయిర్‌వేలోకి.

మూడు నెలల కింద ఒక కోచ్ దగ్గర ఆరు క్లాసులు తీసుకున్నాను. "బ్యాక్‌స్వింగ్ మరీ పొడుగు, సగానికి ఆపు" అన్నారు (బ్యాక్‌స్వింగ్ అంటే కొట్టేముందు క్లబ్‌ను వెనక్కి ఎత్తడం). ఆపాను. దూరం తగ్గింది గానీ వంకర తగ్గలేదు. రేంజ్‌లో పక్క బేలో ఆడే పెద్దాయన "భుజాలు పూర్తిగా తిరగట్లేదు" అంటారు. ఆఫీసులో మా సీనియర్ "తల కదుపుతున్నావ్, అందుకే" అంటాడు. ఇప్పుడు బంతి ముందు నిలబడితే ఈ మూడు మాటలూ ఒకేసారి వినిపిస్తున్నాయి, చేతులు బిగుసుకుపోతున్నాయి. పోయిన ఆదివారం పదకొండో హోల్ దగ్గరికి వచ్చేసరికి ఇక ఆడాలనే అనిపించలేదు.

బ్యాక్‌స్వింగ్‌లో దేన్ని సరిచేసుకుంటే బంతి నేరుగా పోతుంది? ఒక్కటే చెప్పండి, దాన్నే పట్టుకుంటాను.

ఆర్మీ_రావు
గ్రిప్ చూసుకో బాబూ, అంటే క్లబ్ పట్టుకునే తీరు. బ్యాక్‌స్వింగ్ తర్వాత సంగతి. బంతి మీదికి వంగి నిలబడి ఎడమచేతిని చూస్తే ఎన్ని పిడికిలి కణుపులు కనిపిస్తున్నాయి? ఒకటే కనిపిస్తే నీ జబ్బు అక్కడే ఉంది. రెండు, రెండున్నర కనిపించాలి.

బిళ్ళంగోడు_బాబ్జీ
నాదీ ఇదే బాధ. ఫాలో అవుతున్నా.

ఫ్రిస్కో_మాధవి
ఒక్కటి చెప్పమన్నారు, కానీ ముందు మీరు ఒకటి చెప్పాలి కిరణ్ గారూ. బంతి ఎక్కడ పడుతోందో చెప్పారు, ఎటు బయలుదేరుతోందో చెప్పలేదు. ఆ రెండూ వేరు.

నేను మొదలుపెట్టినప్పుడు పాత పద్ధతిలో నేర్పారు: క్లబ్ ఎటు ఊగితే బంతి అటు బయలుదేరుతుంది, ఫేస్ (బంతికి తగిలే క్లబ్ ముఖం) ఎటు చూస్తే అటు వంకర తిరుగుతుంది అని. రాడార్ యంత్రాలు వచ్చాక అది తలకిందులని తేలింది. బంతి బయలుదేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది ఫేస్. డ్రైవర్‌కైతే సుమారు 85 శాతం, ఐరన్లకు 75 శాతం దాకా ఫేస్‌దే పెత్తనం. వంకర రావడానికి కారణం ఫేస్ చూసే దిక్కుకూ క్లబ్ ఊగే దారికీ మధ్య తేడా. ఫేస్ దారికంటే కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది. అంతే లెక్క.

అందుకే రేపు రేంజ్‌లో ఏమీ మార్చకుండా సెవెన్ ఐరన్‌తో ఇరవై బంతులు కొట్టండి. ఒక్కో బంతికి రెండే రాసుకోండి: ఎడమకు బయలుదేరిందా, నేరుగానా, కుడికా; తర్వాత ఎటు వంగింది. ఆ కాగితం లేకుండా మేము చెప్పేదంతా చీకట్లో రాయి విసరడమే.

ఎడమచేతి_వర్మ
మాధవి గారి మాటకే నా ఓటు. నాదొక మనవి. నాలాంటి ఎడమచేతివాళ్ళం మీరు కుడి అన్న ప్రతిచోటా ఎడమ అని తిప్పుకుని చదువుకోవాలి, కాబట్టి "బయటికి, లోపలికి" అని కూడా రాస్తూ ఉండండి.

బిళ్ళంగోడు_బాబ్జీ
వర్మ గారూ, గోల్ఫర్ ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తోనే చేస్తాడట కదా? గోల్ఫ్ ఒక్కటే ఎడమ.

ఎడమచేతి_వర్మ
అవును. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకు ఎదురుగా నిలబడి అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాడు. మా అబ్బాయి కూడా నా ఎదురుగా నిలబడి కుడిచేత్తో నేర్చుకుంటున్నాడు. మా ఇంట్లో అద్దం అటు తిరిగింది.

నయాఖిల్లా_శీను
నేను పదమూడేళ్ళు బ్యాగు మోసిన, ఇప్పుడు జూనియర్లకు నేర్పుతున్న. ఒక మాట చెప్తా సార్, ఏమనుకోవద్దు. కుడికి పోయే బంతిని చూసి చాలామంది పైన, అంటే చేతులు భుజం దాటినంక, తప్పు వెతుకుతరు. నేను బ్యాగు పక్కన నిలబడి చూసిన దాంట్లో పదిమందిలో ఏడుగురికి తప్పు మొదటి రెండడుగుల్లోనే అయిపోతది. బంతి దగ్గర నుంచి క్లబ్ కదిలి కుడి మోకాలు దాటేలోపు. అక్కడ పోయిందాన్ని పైన సరిచేయలేం.

వీడియో తీసి పెట్టండి.

కొండాపూర్_కిరణ్
మాధవి గారు చెప్పినట్టే చేశాను. ఇరవైలో పదమూడు ఎడమకు బయలుదేరి కుడికి వంగాయి. నాలుగు నేరుగా వెళ్ళి కుడికి వంగాయి. రెండు నేరుగానే పోయాయి. ఒకటి ఎడమకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఎడమకు బయలుదేరుతున్న సంగతి ఇన్నాళ్ళూ నేను గమనించనే లేదు, కళ్ళు ఎప్పుడూ చివరకే వెళ్ళేవి.

రావు గారూ, కణుపులు చూశాను. ఒకటే కనిపిస్తోంది.

ఆర్మీ_రావు
చెప్పానా!

ఫ్రిస్కో_మాధవి
మంచి లెక్క తెచ్చారు. ఎడమకు బయలుదేరుతోందంటే కొట్టే క్షణంలో ఫేస్ గురికంటే ఎడమకే చూస్తోంది. అయినా కుడికి వంగుతోందంటే క్లబ్ దారి ఇంకా ఎక్కువగా ఎడమకు, అంటే బయటినుంచి లోపలికి కోసుకుపోతోంది. వర్మ గారి కోసం: బయటినుంచి లోపలికి. కాబట్టి మీ అసలు సమస్య దారి. ఫేస్ ఆ దారికి తెరుచుకుని ఉంది.

గ్రిప్ బలహీనంగా ఉందన్న, అంటే ఎడమచేయి మరీ ఎడమకు తిరిగి ఉందన్న రావు గారి మాట నిజమే. కానీ గ్రిప్ ఒక్కటే మారిస్తే ఫేస్ మూసుకుంటుంది, దారి అలాగే ఉంటుంది, అప్పుడు బంతులన్నీ ఎడమకు బయలుదేరి ఎడమలోనే పడతాయి. మీ ఇరవైలో ఎడమలోనే ఉండిపోయిన ఆ ఒక్క బంతిలా.

ఆర్మీ_రావు
అమ్మా, నేను 30 ఏళ్ళుగా ఆడుతున్నాను. గ్రిప్ బలహీనంగా ఉన్నవాడు బంతి కుడికి పోతుందన్న భయంతోనే ఎడమకు లాగుతాడు. గ్రిప్ సరయితే భయం పోతుంది, భయం పోతే దారి దానంతట అదే మారుతుంది. నేను చూసింది ఇదే.

ఫ్రిస్కో_మాధవి
అది కొందరి విషయంలో నిజమే సర్, కాదనను. ఏడాదిన్నర అలవాటు ఒక్క గ్రిప్‌తో పోతుందా అన్నదే నా అనుమానం. వీడియో వచ్చాక మాట్లాడుకుందాం.

కిరణ్ గారూ, ఫోన్ ఎక్కడ పెట్టాలో చెప్తాను, తప్పు కోణంలో తీస్తే వీడియో అబద్ధం చెబుతుంది. మీ వెనకాల, గురికి సరిగ్గా ఎదురు దిక్కున, మీ చేతుల ఎత్తులో, చేతుల వరసలో ఉండాలి. బాగా లోపలికి జరిపితే లోపలి దారి కూడా సరిగా ఉన్నట్టే కనిపిస్తుంది. పాదాల దగ్గర ఒక కర్ర గురివైపు పడేసి ఫోన్‌ను దానికి సమాంతరంగా తిప్పండి. చేతిలో ఫోన్ పట్టుకున్న స్నేహితుడు వద్దు, స్టాండ్ కావాలి.

ఎడమచేతి_వర్మ
ఆ కర్ర రేంజ్ వరకే. పోటీ రౌండ్‌లో అలా కర్ర పడేసి దాన్ని చూసుకుని నిలబడితే రూల్ 10.2 ప్రకారం పెనాల్టీ, స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) రెండు స్ట్రోకులు. క్లబ్ పడేసినా అంతే, తర్వాత తీసేసినా తప్పదు. మా గ్రూపులో ఒకాయనకు క్లబ్ టోర్నమెంట్‌లో ఇలాగే పడింది.

కొండాపూర్_కిరణ్
వీడియో పెట్టాను. తెల్ల చొక్కా నేనే.

నయాఖిల్లా_శీను
ఐదుసార్లు చూసిన. బంతి దగ్గర నిలబడే తీరు బాగుంది సార్, మంచిగ వంగిన్రు. క్లబ్ కదలంగనే ఆపి చూడండి. క్లబ్ కర్ర నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు క్లబ్‌హెడ్ మీ చేతుల వెనక్కి, మీ వీపు వైపుకు పోయింది. మణికట్లు కూడా తిరిగిపోయినయి. ఫేస్ ఆకాశాన్ని చూస్తున్నది. భుజాలు తిరగలేదు, చేతులే తిప్పిన్రు.

అట్ల లోపలికి పోయిన క్లబ్‌కు పైకి పోవడానికి దారి ఉండదు. అందుకే అక్కడినుంచి చేతులతో నిట్టనిలువుగా లేపుతున్నరు. లేపిన క్లబ్ కిందికి రావాలంటే కుడి భుజం ముందుకు దూకాల్సిందే. బయటినుంచి లోపలికి కోత అక్కడ పుడుతున్నది. మీ కోచ్ చెప్పినట్టు పైన ఎంత పొట్టిగా ఆపినా, కింద దారి మారదు. అందుకే దూరం మాత్రమే తగ్గింది.

కొండాపూర్_కిరణ్
శీను గారూ, ఇది చదివి ఆపి ఆపి చూశాను. మీరన్నది అక్షరాలా నిజం. మూడు నెలలుగా నేను పైన వెతుకుతున్నాను.

సరైన చోటు ఎలా ఉండాలి?

నయాఖిల్లా_శీను
గారు వద్దు సార్, శీను చాలు. క్లబ్ కర్ర నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు వెనకనుంచి చూస్తే క్లబ్‌హెడ్ చేతులను కప్పేయాలి. లేదా కొంచెం బయట. లోపల మాత్రం వద్దు. ఫేస్ అంచు మీ వెన్ను వంపుకు సమాంతరంగా ఉండాలి.

ఆర్మీ_రావు
మాకు టో (క్లబ్ తల చివరి కొస) నిలువుగా ఆకాశం చూడాలని నేర్పారు.

ఫ్రిస్కో_మాధవి
నిలువు టో చాలామందికి సరిపోతుంది సర్. వెన్ను వంపుతో పోలిస్తే అది కొద్దిగా తెరుచుకున్నట్టే, కానీ దాన్ని కొట్టేలోపు మూసుకోవచ్చు. కిరణ్ గారిది నిలువు కూడా దాటిపోయింది. బంతి వంకర పోయేవాళ్ళకు శీను చెప్పిందే మేలు.

బిళ్ళంగోడు_బాబ్జీ
ఒక సందేహం. గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను అంత బయటికి తీసుకెళ్ళి, పైన సుడి తిప్పి, 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో పీజీఏ టూర్‌లో (అమెరికా ప్రొఫెషనల్ పోటీల్లో) ఒక రౌండ్‌ను 58 స్ట్రోకుల్లోనే ముగించాడు. మరి ఈ చోటు, ఆ చోటు అని ఎందుకు పట్టించుకోవాలి?

ఫ్రిస్కో_మాధవి
అడగవలసిన ప్రశ్నే. ఫ్యూరిక్ బయటికి తీసుకెళ్ళి కిందికి వచ్చేటప్పుడు లోపలికి జార్చుకుంటాడు. కిరణ్ గారు లోపలికి తీసుకెళ్ళి బయటికి దూకుతున్నారు. సుడి రెండిట్లోనూ ఉంది, తిరిగే దిక్కు వేరు. బంతి దగ్గరికి వచ్చే క్షణంలో ఫ్యూరిక్ క్లబ్ సరైన దారిలో ఉంటుంది. బ్యాక్‌స్వింగ్ బంతిని కొట్టదు, అది కిందికి రావడానికి దారి వదిలిపెట్టాలి. ఆ దారి వదిలే బ్యాక్‌స్వింగ్ ఏదైనా మంచిదే. నా మటుకు నాకు, వారానికి రెండు సాయంత్రాలే ఆడేవాళ్ళకు సరిచేసుకోవలసినవి తక్కువ ఉన్న దారి కావాలి.

ఫిజియో_అనిత
తల కదపకూడదన్న సలహా మీద ఎవరూ మాట్లాడలేదు. అది వెంటనే వదిలేయండి కిరణ్. తలను మేకు కొట్టినట్టు ఆపాలనుకుంటే భుజాలు తిరగవు, చేతులే పైకి లేస్తాయి. వీడియోలో మీ బరువు పైన కూడా ఎడమకాలి మీదే ఉంది. తల కాస్త కుడికి జరిగితే నష్టం లేదు.

ఇంకొకటి. 41 ఏళ్ళు, రోజంతా కుర్చీ పని. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు కదపకుండా, చేతులు ఛాతీ మీద కట్టుకుని కుడికి తిరిగి చూడండి. ఎంత తిరగగలుగుతున్నారు? భుజాలు 90 డిగ్రీలు తిరగాలని పుస్తకం చెబుతుంది, నడుము 45. శరీరం ఇవ్వని డిగ్రీలను చేతులు అప్పు తెచ్చుకుంటాయి. నా దగ్గరికి వెన్నునొప్పితో వచ్చే గోల్ఫర్లలో చాలామంది నడుము ఆపి భుజాలు మాత్రమే తిప్పాలని ప్రయత్నించినవాళ్ళే.

కుడిపాదం వేళ్ళు కొంచెం బయటికి తిప్పి నిలబడండి, నడుము తేలికగా తిరుగుతుంది. ఎడమ మడమ లేస్తే లేవనివ్వండి. జాక్ నిక్లాస్ మడమ లేపే 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలు) గెలిచాడు. ఇటువైపు జాన్ రామ్‌ను చూడండి. పుట్టుకతో కుడిపాదం వంకర, చీలమండ పూర్తిగా వంగదు, అందుకే ఆయన బ్యాక్‌స్వింగ్ అంత పొట్టి. తన శరీరానికి సరిపోయే కొలతలో కొడుతున్నాడు, 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ గెలిచాడు. పొడుగూ పొట్టీ అనేది కోచ్ కంటికి సంబంధించింది కాదు, మీ నడుముకు సంబంధించింది.

కొండాపూర్_కిరణ్
కుర్చీలో తిరిగి చూశాను అనిత గారూ. కుడికి సుమారు 40 డిగ్రీలు, ఎడమకు ఇంకాస్త ఎక్కువ. పదేళ్ళ కుర్చీ ఇది.

ఫిజియో_అనిత
రోజూ పొద్దున ఐదు నిమిషాలు. పక్కకు పడుకుని మోకాళ్ళు రెండూ మడిచి ఒకదానిమీద ఒకటి పెట్టండి, పైచేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవండి. రెండువైపులా పదేసి సార్లు. నొప్పి వస్తే ఆపేయండి. నెల తర్వాత మళ్ళీ కొలవండి.

బిళ్ళంగోడు_బాబ్జీ
నాకు తిరగడం ఎలా అర్థమైందో చెప్తాను. మా ఊళ్ళో కాలవ పూడిక తీసేటప్పుడు పారతో మట్టి గట్టు మీదికి విసిరేవాళ్ళం. చేతులతో విసిరితే పది పారలకే భుజాలు పడిపోతాయి. నడుముతో తిరిగి విసిరితే పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా విసరొచ్చు. పార పట్టుకున్నవాడికి ఎవరూ భుజాలు తిప్పమని చెప్పక్కర్లేదు. రేంజ్‌లో మొదటి బంతికి ముందు కళ్ళు మూసుకుని అదే తలుచుకుంటాను.

నయాఖిల్లా_శీను
బాబ్జీ అన్న మాట మా జూనియర్లకు చెప్తా. మాది చిర్రగోనె అంటరు, మీరు బిళ్ళంగోడు అంటరు, అందులో కూడా అంతే.

ఆర్మీ_రావు
క్రికెట్ ఆడావా కిరణ్?

కొండాపూర్_కిరణ్
కాలేజీ టీమ్‌లో ఓపెనర్‌ని సర్. ఎందుకు?

ఆర్మీ_రావు
అనుకున్నాను. క్రికెట్ వాళ్ళకు కింది చేయి బలం. బ్యాట్‌ను మణికట్లతో ఎత్తి పెట్టుకుంటారు, బౌలర్ బంతి వేస్తాడు కాబట్టి వాళ్ళకు ఎత్తడమే ముఖ్యం. ఇక్కడ బంతి కదలదు. కుడిచేతి పట్టు సడలించు. టూత్‌పేస్ట్ ట్యూబ్ మూత తీసి పట్టుకున్నట్టు పట్టుకో, పేస్ట్ బయటికి రాకూడదు. మాధవి చెప్పిన దారి, శీను చెప్పిన చోటు ఒప్పుకుంటాను, కానీ పట్టు మార్చకుండా ఆ చోటు రాదు.

ఫ్రిస్కో_మాధవి
ఇక్కడ రావు గారు చెప్పింది నాకు తోచలేదు. కుడిచేయి బిగిస్తేనే ఆ లోపలి లాగుడు వస్తుంది. కిరణ్ గారూ, రెండూ కలిపి చేయండి: గ్రిప్ రెండు కణుపులకు మార్చండి, మొదటి రెండడుగులు సరిచేయండి. పైన ఏమవుతుందో నెల రోజులు చూడకండి.

నయాఖిల్లా_శీను
ఇంట్లో ఒకటి, రేంజ్‌లో ఒకటి చెప్తా.

ఇంట్లో: గోడకు వెనక్కి తిరిగి, పిరుదులకూ గోడకూ జానెడు ఖాళీ ఉంచి నిలబడండి. క్లబ్ తలకు పాత సాక్సు తొడగండి. నడుము ఎత్తు దాకానే మెల్లగ వెనక్కి తీసుకోండి. లోపలికి గుంజితే క్లబ్ గోడకు తగులుతది. తగలకుండా రోజుకు యాభై సార్లు.

రేంజ్‌లో: మీ బంతి వెనక క్లబ్ పెట్టి, ఆ క్లబ్ వెనక ఇంకో బంతి పెట్టండి. క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఆ రెండో బంతిని నెట్టాలి. బంతి నేరుగా వెనక్కి దొర్లితే సరి. మీ మడమల వెనక్కి దొర్లితే లోపలికి గుంజినట్టు. మొదటి వారం కొట్టకండి, నెట్టుడు మాత్రమే. కొట్టాలన్న ఆశ ఉంటే చేయి మళ్ళీ పాత దారే పడతది.

ఎడమచేతి_వర్మ
వేగం కూడా. నేను లోపల లెక్క పెట్టుకుంటాను: వెనక్కి వెళ్ళేటప్పుడు ఒకటి రెండు మూడు, కిందికి ఒకటి. మంచి ఆటగాళ్ళ స్వింగ్‌లో దాదాపు ఇదే మూడుకు ఒకటి కనిపిస్తుంది. తొందరగా లాగే చేతికి ఏ దారీ నిలవదు.

కొండాపూర్_కిరణ్
మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

మొదటి వారం నిజంగానే ఒక్క బంతి కొట్టలేదు. గోడకు రోజూ యాభై. మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్కపెట్టింది, తగిలినప్పుడల్లా "అవుట్" అని అరిచింది. మొదటి రోజు 31 సార్లు అవుట్, ఏడో రోజు నాలుగు.

రెండో వారం రేంజ్. గ్రిప్ మార్చాక మొదటి పది బంతులు మాధవి గారు చెప్పినట్టే ఎడమకు పోయి ఎడమలోనే పడ్డాయి. చెప్పి ఉండకపోతే నేను ఆ రోజే పాత గ్రిప్‌కు వెళ్ళిపోయేవాణ్ణి. రెండో బంతి నెట్టడం మొదలుపెట్టాక దారి మారింది.

నిన్న మళ్ళీ ఇరవై రాసుకున్నాను, సెవెన్ ఐరన్. పదకొండు నేరుగా బయలుదేరి నేరుగానే. ఐదు కొంచెం కుడికి బయలుదేరి కొంచెం ఎడమకు వంగాయి, జీవితంలో మొదటిసారి అది చూశాను. నాలుగు పాతవి. బ్యాక్‌స్వింగ్ ఎంత పొడుగు వెళ్తోందో నాకు తెలియదు, చూడలేదు.

డ్రైవర్ మాత్రం ఇంకా కుడికే. బయలుదేరడం నేరుగానే ఉంది.

ఆర్మీ_రావు
సంతోషం బాబూ. రేంజ్ మ్యాట్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకు. బంతికి ముందే నేల తగిలినా మ్యాట్ మీద క్లబ్ జారిపోయి కాపాడుతుంది, గడ్డి కాపాడదు.

ఫ్రిస్కో_మాధవి
చాలా చాలా సంతోషం. డ్రైవర్‌కు ముందు బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో చూడండి. బంతి వెనకవైపు వైట్‌బోర్డ్ మార్కర్‌తో పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్కను ఫేస్ వైపు తిప్పి కొట్టండి. మచ్చ ఫేస్ మీద పడుతుంది. హీల్ (ఫేస్‌లో క్లబ్ కర్రకు దగ్గరి కొస) వైపు తగిలితే, దారీ ఫేసూ బాగున్నా సరే, బంతి కుడికి వంగుతుంది. అది బ్యాక్‌స్వింగ్ తప్పు కాదు, నిలబడే దూరం కావచ్చు.

కొండాపూర్_కిరణ్
ఏడు మచ్చలు. ఏడూ హీల్ వైపే.

నయాఖిల్లా_శీను
బంతికి మరీ దగ్గర నిలబడుతున్నరేమో సార్. బొటనవేలు పొడవంత వెనక్కి జరిగి పది కొట్టండి, మళ్ళీ మచ్చలు పెట్టండి. ఏమీ మారకపోతే ఆ వీడియో కూడా వెనకనుంచే తీయండి. స్టాండ్ మర్చిపోవద్దు.

బిళ్ళంగోడు_బాబ్జీ
నా ఇరవై బంతుల కాగితం రేపు పెడతాను. మాధవి గారూ, శీను అన్నా, నాదీ కాస్త చూడాలి.